మేం పెట్టిన సంతకాలు

నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేయాలంటే ఒక ధ్రువపత్రం కావాలి. ఫలానా విద్యార్థి మా బడిలో ఐదో తరగతి చదువుతున్నాడని రాసి, ఫొటో అంటించి, హెడ్మాస్టరు సంతకం పెట్టి సీలు వేయాలి. తల్లిదో తండ్రిదో ఒక సంతకం, బిడ్డది ఒక సంతకం. ఆ కాగితాన్ని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులం ఏళ్ల తరబడి ఆ కాగితాల మీద అబద్ధాలకు సంతకాలు పెడుతున్నాం. ఆ బిడ్డ మా బడిలో చదవడం లేదు. పేరు మా రిజిస్టర్లో ఉంటుంది, బిడ్డ టౌనులో కోచింగ్ హాస్టల్లో ఉంటాడు. ఈ సంగతి మాకు తెలుసు, మా పైవాళ్లకు తెలుసు, సర్పంచికి తెలుసు, బడిలో అన్నం వండే అమ్మకూ తెలుసు. అలాంటి సంతకాలు నేనూ పెట్టాను. ఇది ఎవరి మీదో ఫిర్యాదు కాదు. మా గురించి మేమే ఎప్పుడో చెప్పుకోవలసిన మాట.

ఆ ధ్రువపత్రం ఎందుకు అడుగుతారో మాకు తెలియనిది కాదు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. పల్లెలో పుట్టిన తెలివైన బిడ్డకు తిండీ బట్టా మంచి చదువూ ఒకేచోట దొరికితే ఎంత దూరం పోగలడో చూద్దామన్నది అక్కడి ఆలోచన. ఆయన కేంద్రంలో విద్యాశాఖ చూస్తున్నప్పుడు వచ్చిన 1986 జాతీయ విద్యావిధానంతో అదే ఆలోచన నవోదయ విద్యాలయాలుగా దాదాపు దేశమంతా పాకింది. జిల్లాకొకటి అన్న లెక్కన మాకు మదనపల్లె దగ్గర వలసపల్లెలో వచ్చింది. ఆరో తరగతిలో సీట్లు 80. వాటిలో కనీసం 75 శాతం పల్లె బిడ్డలకు. ఆ కోటాలో సీటు కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలోనే చదివి ఉండాలి. టౌను పిల్లలు కోచింగుల బలంతో పల్లె బిడ్డ సీటును తన్నుకుపోకుండా కట్టిన గట్టు అది. ఆ గట్టుకు గండి కొట్టింది మేమే.

ఎవరి కోసం కొట్టామో కూడా చెప్పాలి. పల్లెలో కోచింగ్ ఫీజు కట్టగలిగిన కుటుంబం కోసం కొట్టాం. అదే ఊళ్లో కూలికి పోయే తల్లి బిడ్డ రోజూ బడికి వస్తాడు, మా ఎదురుగానే కూర్చుంటాడు. వాడి దరఖాస్తు గురించి మాకు గుర్తే రాదు. గుర్తొచ్చి వేయించినా, ఏడాది పొడుగునా బొమ్మల ప్రశ్నలు బట్టీ కొట్టిన పిల్లల పక్కన వాడు పరీక్ష రాయాలి. పల్లె బిడ్డ పేరుతో పెట్టిన సీటు పల్లె కోటాలోనే, పల్లె బడి సీలుతోనే, పల్లెలో అందరికన్నా పేదవాడి చేతికి అందకుండా పోతోంది. లెక్కలో తప్పు ఎక్కడా కనిపించదు. ఆ సీలు మాది కాబట్టి ఆ తప్పు మాకు కనిపించాలి.

పరీక్ష రెండు గంటలు. 80 ప్రశ్నలు, 100 మార్కులు. బొమ్మల మీద 40 ప్రశ్నలు, లెక్కలు 20, భాష 20. జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. ఈ ‘ఒక్కసారే’ అన్న మాట పట్టుకుని హాస్టళ్లు నడుస్తున్నాయి. కలికిరిలో 2014లో సైనిక్ స్కూల్ వచ్చాక ఇంకొక పరీక్ష తోడైంది. దానికి 125 ప్రశ్నలు, 300 మార్కులు, రెండున్నర గంటలు. రెండింటికీ కలిపి కోచింగ్. నాలుగో తరగతి అయిపోగానే చేరిస్తే ఒక ఏడాది, మూడు అయిపోగానే చేరిస్తే రెండేళ్లు. అంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల బిడ్డ. ఈ ఊళ్లలో ఆ వయసు పిల్లలు రాత్రి జేజి పక్కలోనే పడుకుంటారు.

ఆ హాస్టళ్లను మేం చూడలేదని చెప్పుకోవడానికి వీల్లేదు. మా బంధువుల పిల్లల్ని చూడడానికి ఆదివారాలు పోతూనే ఉన్నాం. బాడుగకు తీసుకున్న రెండంతస్తుల ఇల్లు, పైన రేకుల షెడ్డు. గోడ వెంబడి ట్రంకు పెట్టెలు, ఒక్కో పెట్టె మీద పెయింటుతో నంబరు. తెల్లవారక ముందే లేపి చదువుకు కూర్చోబెడతారు. వారం వారం పరీక్ష పెట్టి, మార్కుల్ని బట్టి బ్యాచ్ మారుస్తారు. పై బ్యాచ్‌కు మంచి అయ్యవారు, కింది బ్యాచ్‌కు ఎవరు దొరికితే వాళ్లు. ఒక ఆదివారం అక్కడ ఒక తల్లిని చూశాను. కారియర్లో రాగి సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి తెచ్చింది. బిడ్డ తినడం మొదలుపెట్టకుండా ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె మారు మాట్లాడకుండా లోపలికి పోయి, వాడి బొంతను మడిచి సంచిలో కుక్కి, బండి మీద ఉన్న భర్త చేతికిచ్చింది. బదులుగా పెట్టడానికి ఇంటి దగ్గర్నుంచి ఇంకో బొంత ముందే తెచ్చుకుంది. రాత్రుళ్లు పక్క తడుపుతున్నాడు. వార్డెన్‌కు తెలిస్తే అందరి ముందర నిలబెడతాడు. ఇంట్లో ఉన్నప్పుడు వాడికి ఆ అలవాటు లేదని ఆమె నాతో చెప్పింది. నేను ఆ బిడ్డ బడి అయ్యవారిని కాదు, కానీ అలాంటి బిడ్డల పేర్లు మా రిజిస్టర్లోనూ ఉన్నాయి. వాళ్లకు ఆ వారమంతా మేం హాజరు వేశాం.

హాజరు సంగతే తీసుకుందాం. కాణిపాకం వినాయకుడి ఎదుట అబద్ధ ప్రమాణం చేయడానికి వణికిపోయే జిల్లా మాది. పొలం గట్టు తగాదాల్లోనూ అప్పు తగాదాల్లోనూ ‘కాణిపాకం వస్తావా’ అంటే చాలు, అబద్ధమాడేవాడు వెనక్కి తగ్గుతాడు. అలాంటి చోట పుట్టి పెరిగిన మేం రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక, లేని బిడ్డ ఉన్నాడని పెన్నుతో టిక్కు పెట్టాం. రిజిస్టర్ పోయి ఫోన్లో యాప్ వచ్చింది. యాప్‌లోనూ అదే పెట్టాం. ఆ టిక్కు వెనకాల చాలామంది లాభం ఉంది. అమ్మ ఒడి డబ్బు రావాలంటే 75 శాతం హాజరు కావాలన్నారు. తల్లి వచ్చి బతిమాలుకుంటే కాదనలేకపోయాం అని మాలో మేం చెప్పుకున్నాం. ఆ మాటలో సగమే నిజం. పిల్లల సంఖ్య తగ్గితే మా పోస్టు పోతుంది. 2022లో 117 జీవో వచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించడం మొదలుపెట్టినప్పుడు మేం ధర్నాలు చేశాం, ఊరి బడిని చంపొద్దని అరిచాం. ఆ అరుపు న్యాయమైనదే. కానీ అంతకుముందే ఐదో తరగతి పిల్లల్లో కొందరిని చేతులారా టౌనుకు పంపించి, ఖాళీ బెంచీలను రిజిస్టర్లో నింపుకున్న సంగతి ఆ ధర్నాల్లో ఎవరమూ ఎత్తలేదు.

ఇంకా చెప్పుకోలేనిది ఒకటుంది. విద్యాహక్కు చట్టం 28వ సెక్షను ప్రకారం ఉపాధ్యాయుడు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. 2009 చట్టమది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మాలో కొందరు భార్య పేరుతోనో బావమరిది పేరుతోనో కోచింగ్ నడిపారు. ఎండాకాలం సెలవుల్లో ఊరూరా తిరిగి, తమ బడి పిల్లల్నే తమ హాస్టల్లో చేర్పించుకున్నవాళ్లు ఉన్నారు. మిగతావాళ్లం నోరు మూసుకున్నాం. ఉపాధ్యాయ సంఘంలో ఓట్లు, బదిలీల్లో సాయం, ఒకే ఊరివాళ్లం అనే మొహమాటం, ఇవన్నీ అడ్డం వచ్చాయి. ఎవరో ఒకరు ఎప్పుడైనా లేచి అడిగితే ‘వాళ్ల పిల్లలు బాగుపడతా ఉంటే నీకేం కడుపుమంట’ అన్నాం.

తల్లిదండ్రులను తప్పు పట్టడం మాకు చాలా సులువు, ఇన్నేళ్లూ పడుతూనే వచ్చాం. పడమటి మండలాల్లో టమోటా రేటు ఎప్పుడు పడిపోతుందో ఎవరికీ తెలియదు. తూర్పు మండలాల్లో మామిడి. 2025లో తోతాపురి కొనేవాడు లేక కాయలు తోటల్లోనే కుళ్లాయి. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతానని చెప్పవలసి వచ్చింది. ట్రాక్టర్ల మీద కాయలతో ఫ్యాక్టరీ గేటు ముందర రోజుల తరబడి కాచుకున్న తండ్రి, ఈ బతుకు నా బిడ్డకు వద్దనుకోవడంలో తప్పేముంది? రెండు ఆవుల పాల బిల్లు నేరుగా హాస్టల్ ఫీజుకు పోతుంది. సీటొస్తే తిరుమలలో గుండు కొట్టించుకుంటానని మొక్కుకుంటాడు. ఏడేళ్లు పెద్దగా ఖర్చు లేకుండా, పన్నెండో తరగతి దాకా మంచి చదువు వస్తుందంటే ఏ తండ్రయినా ఆశపడతాడు. ఆశ పడ్డవాడికి అసలు సంగతి చెప్పవలసింది మేం. కొన్ని వేలమంది రాస్తే 80 మందికే వస్తుందని, ఒక్క ఏడాది తల్లికి దూరమైన బిడ్డ ఆ ఏడాదిని మళ్లీ తెచ్చుకోలేడని కూర్చోబెట్టి చెప్పలేదు. ‘నీ ఇష్టమప్పా, బాగానే ఉంటుందంటారు’ అని పంపేశాం.

ఒక తల్లిని నేనొకసారి అడిగాను, ఇంత చిన్న పిల్లోణ్ణి ఎందుకమ్మా పంపిస్తావుండారు అని. ఆమె కోపగించుకోలేదు. ‘సార్, ఈ లెక్కలు మీరే చెప్పింటే వాణ్ణి యాడికో ఎందుకు పంపుతాం? మాకేమన్నా ఇష్టమా?’ అనింది. దానికి నేను ఇవ్వగలిగిన జవాబు లేదు. నవోదయ పరీక్షలో ఆ 20 లెక్కలూ ఐదో తరగతి పిల్లవాడికి రావలసినవే. భిన్నాలు, దశాంశాలు, కసాగు, గసాభా, లాభనష్టాలు, చుట్టుకొలత. భాషలో పేరాలు ఇచ్చి కింద ప్రశ్నలడుగుతారు. చదివి అర్థం చేసుకోగలిగితే చాలు. బొమ్మల ప్రశ్నలకు రోజుకు అరగంట, పాత ప్రశ్నపత్రాలు ఉంటే అలవాటవుతాయి. ఇందులో మా బడిలో చెప్పలేనిది ఒక్కటీ లేదు. మేం చెప్పి ఉంటే ఈ హాస్టళ్లకు పనే లేదు. ఒకే అయ్యవారు ఐదు తరగతులు చూసుకోవాలని, యాప్‌లతోనే పొద్దు పోతుందని, ఎన్నికల డ్యూటీలని మేం చెప్పే కారణాలు అబద్ధాలేమీ కావు. అయితే జీతం తీసుకుని ఈ కారణాలు చెప్పుకునే వీలు మాకుంది. పదేళ్ల బిడ్డకు ఆ వీలు లేదు, వాడు పెట్టె సర్దుకోవలసిందే.

ఒకే అయ్యవారు, ఐదు తరగతులు. ఈ చిక్కుకు దారి వెతికినవాళ్లు ఎక్కడో లేరు, మా కొండల్లోనే ఉన్నారు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆ ఊరి దగ్గరే స్థాపించిన రిషివ్యాలీ పేరు ప్రపంచమంతా తెలుసు. ఆ బడి ఫీజు మా పల్లెవాళ్లు కట్టలేరు, నేను దాని గురించి చెప్పడం లేదు. దాని గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన ఏకోపాధ్యాయ బళ్ల గురించి చెబుతున్నాను. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర్లో ఆ పని మొదలుపెట్టారు. పాఠాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టారు. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ గుర్తు. గోడ మీద మెట్లుగా ఒక పటం. పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో తానే చూసుకుని, ఆ కార్డు తానే తీసుకుని, తోటివాళ్లతో కూర్చుని చేసుకుంటాడు. జ్వరం వచ్చి వారం రాకపోయినా ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడతాడు. ఎవడూ వెనకబడ్డట్టు కాదు. మైసూరు జిల్లా హెచ్.డి. కోట ఉపాధ్యాయులు వచ్చి చూసి పోయి 1995లో దాన్ని ‘నలి-కలి’గా మొదలుపెట్టుకున్నారు, తర్వాత కర్ణాటకంతా పాకింది. చెన్నై కార్పొరేషన్ బళ్లలో 2003లో మొదలై తమిళనాడంతా వ్యాపించింది. రిషివ్యాలీవాళ్ల ఆ పల్లె బళ్లకు బస్సులో పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే దూరంలో ఉన్నవాళ్లం మేం. పక్క రాష్ట్రాలవాళ్లు వచ్చి నేర్చుకుని పోతుంటే మేం ‘అది మన బళ్లలో కుదరదులే’ అన్నాం. కుదురుతుందో లేదో ఒక నెల కూడా నిజాయితీగా పట్టుకుని చూడలేదు. ఈ మొత్తం వైఫల్యంలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. అబద్ధపు హాజరును భయం అనుకోవచ్చు. దీన్ని ఏమనుకోవాలి?

సీటు వచ్చిన పిల్లల ఫొటోలు ఫ్లెక్సీల మీద వస్తాయి. రానివాళ్లే ఎక్కువ, వాళ్లు జూన్‌లో మా బడి పక్క హైస్కూల్లో ఆరో తరగతికి వస్తారు. అలా వచ్చిన ఒక పిల్లవాణ్ణి పిలిచి, వాచకంలో కథ ఇచ్చి చదవమన్నాను. వాడు కథ మొదలు చూడలేదు. వేలు నేరుగా పేజీ అడుక్కు పోయింది, ప్రశ్నలు ఎక్కడున్నాయని. ముందు ప్రశ్నలు చదివి, ఆ మాట పేరాలో ఎక్కడుందో పట్టుకోవాలని వాడికి నేర్పారు. చాలా వేగంగా పట్టుకుంటాడు కూడా. కథలో ఎవరు ఏడ్చారో, ఎందుకు ఏడ్చారో అడిగితే మౌనంగా నిలబడ్డాడు. పుస్తకం మూయించి నేనే కథ చెప్పడం మొదలుపెట్టాను. ఎప్పుడు ఆపుతానా, ఎప్పుడు ప్రశ్న అడుగుతానా అని భయంభయంగా నా నోటివైపే చూస్తూ కూర్చున్నాడు. నామిని ఎప్పుడో ‘చదువులా? చావులా?’ అని పుస్తకమే రాస్తే కొనుక్కుని చదివి, మా జిల్లా మనిషి ఎంత బాగా రాశాడని మెచ్చుకున్నాం. చదివినవాళ్లలో ఎంతమందిమి మరుసటి జూన్‌లో మా తరగతి గదిని మార్చుకున్నాం?

పదేళ్ల వయసులో ‘పోయింది’ అనిపించుకున్న బిడ్డకు ఆ మాట మళ్లీ పదో తరగతిలో వినిపిస్తుంది, ఇంటర్లో వినిపిస్తుంది. 2023 ఏప్రిల్ 26న ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లో రాష్ట్రంలో తొమ్మిది మంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. వాళ్లలో ఇద్దరు చిత్తూరు జిల్లా బిడ్డలు, పదిహేడేళ్లవాళ్లు. ఆ పిల్లలకూ ఈ హాస్టళ్లకూ సంబంధం ఉందని నేను అనడం లేదు. పరీక్ష పోతే మనిషే పోయినట్టని నమ్మే గాలిని మేం ఐదో తరగతి నుంచే పీల్పిస్తున్నామని మాత్రం అంటున్నాను. పదహారేళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టొద్దని, అందరి ముందర అవమానించొద్దని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అది విశాఖపట్నంలో నీట్‌కు చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసిన కేసు. మా మండల సమావేశాల్లో వీటిలో ఒక్కటైనా చదివి వినిపించిన రోజు నాకు గుర్తులేదు.

ఈ మాటలన్నీ మా సంఘం సమావేశంలో చెప్పాను. బడికి రాని బిడ్డ పేరు తీసేద్దాం, వచ్చే బిడ్డలకే ధ్రువపత్రం ఇద్దాం, ఐదో తరగతి పిల్లలందరికీ బడి వేళల్లోనే ఆ లెక్కలూ ఆ పేరాలూ చెప్పి, డబ్బులేని బిడ్డతోనే మొదట దరఖాస్తు వేయిద్దాం అన్నాను. ఒక పెద్దాయన, నాకంటే మంచి అయ్యవారు, నెమ్మదిగా అడిగాడు. ‘నువ్వు పేరు తీసేస్తే వాళ్లు పక్క ఊరి బళ్లో పెట్టుకుంటారు. నీ బళ్లో సంఖ్య తగ్గి పోస్టు పోతుంది. రేపు నీ దగ్గరికి రోజూ వచ్చే ఆ కూలోళ్ల బిడ్డకు అయ్యవారు ఎవరు?’ ఆయన అడిగినదానిలో న్యాయం ఉంది. ఒక్క బడి నిజం చెబితే ఆ బడే నష్టపోయేలా మేమందరం కలిసి చేసుకున్నాం. కాబట్టి మండలంలో బళ్లన్నీ ఒకే రోజు పేర్లు తీసేయాలి. ఎంతమంది బిడ్డలు నిజంగా లేరో ఆ రోజు అధికారులకు లెక్క రాసి ఇవ్వాలి. పోయే పోస్టుల కోసం అప్పుడు ఆ నిజమైన లెక్కతో పోరాడాలి. డీఏ కోసం, పీఆర్‌సీ కోసం, బదిలీల కోసం రోడ్డెక్కడం తెలిసిన సంఘాలకు ఇది చేతకాని పని కాదు. పెద్దాయన ఆలోచిస్తానన్నాడు. ఆయన సరే అంటే మరో పది మంది వస్తారు. ఆయన రాకపోయినా, జూన్‌లో మా ఐదో తరగతి రిజిస్టర్లో బడికొచ్చే పిల్లల పేర్లే ఉంటాయి.